జెండాలు తీసిన ఉదయం

అండమాన్‌లోని రంగత్‌లో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. జూన్ నెల. వాన అడ్డంగా కొడుతోంది. అక్కడినుంచి లారీలో గంట, బురదలో నలభై నిమిషాల నడక. మా తీరకాపలా పోస్టు అంటే రెండు రేకుల షెడ్లు, ఒక రేడియో సెట్టు, తొమ్మిది మంది. నేను హవల్దార్‌ని. ఎదురుగా తెల్లటి ఇసుక. పక్కన అడవిలోంచి వచ్చి సముద్రంలో కలిసే ఉప్పునీటి పాయ. ఆ తీరం పేరు చెప్పను. చెబితే మీరు వెళ్తారు.

ఉదయం ఐదు నుంచి సాయంత్రం ఆరు దాకా వచ్చేపోయే పడవలు రాసుకోవడం మా పని. పాయలో మొసలి ఉంది కాబట్టి ఆరు ఎర్రజెండాలు పాతాం. ఎక్కడ పాతాలో చూపించింది అప్పన్న. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన జాలరి కుటుంబం. నా విజయనగరం యాస వినగానే నవ్వాడు. "మనోడివే బావూ," అని చేతిలో రెండు చేపలు పెట్టి వెళ్లాడు.

జనవరిలో ఒకరోజు ఉదయం తొమ్మిదింపావుకి రేడియో పలికింది. మా అధికారి స్నేహితులు నలుగురు వస్తున్నారు. జనం లేని, ఎవరికీ తెలియని బీచ్ కావాలట.

"జెండాలు తీసేయండి. ఫోటోల్లో పడతాయి. ఓవర్."

"సార్, మొన్ననే మొసలి కనిపించింది. ఓవర్."

"నీ అభిప్రాయం అడగలేదు. అవుట్."

తీశాను. ఆరూ నా చేత్తోనే పీకాను. నా మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అతిథులు పదిన్నరకి వచ్చారు. మా సెంట్రీ పాయ దగ్గర చేతులు అడ్డుపెట్టాడు. ఒకాయన అతన్ని తప్పించుకుని, "మీ సార్ పర్వాలేదన్నారు," అంటూ నడుములోతు దిగాడు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న అప్పన్న లేచి, అటు వెళ్లొద్దు మొసలి ఉందని హిందీలో కేకేశాడు. "భయ్యా, ఉధర్ మత్ జావ్. మగర్ హై."

ఆయన వినలేదు. అవతల నీళ్లు కదిలాయి. అప్పన్న తన డోంగీని తోసుకుంటూ వెళ్లి, ఆయన్ని జబ్బ పట్టి లేపి పడవలో పడేశాడు. తను మాత్రం ఇంకా నీళ్లలోనే ఉన్నాడు.

మొసలి కుడికాలు పట్టింది. ముగ్గురం దిగి తెడ్లతో, రైఫిల్ మడమలతో బాది విడిపించాం. మా పోస్టు నర్సింగ్ అసిస్టెంట్ అతని తొడకి బెల్టు బిగించాడు. అదే డోంగీలో పాయ మీదుగా రోడ్డు దాకా, అక్కడినుంచి లారీలో రంగత్ ఆస్పత్రికి చేర్చేసరికి ఒంటిగంట. దారిలో అప్పన్న ఒక్కటే అడిగాడు. "ఆ సారుకి దెబ్బేటీ తగల్లేదు గదా?"

ప్రాణం నిలిచింది. కాలు మోకాలి పైదాకా తీసేశారు. అతిథులు మధ్యాహ్నమే వెళ్లిపోయారు. ఆస్పత్రి వైపు కూడా రాలేదు.

మూడోరోజు అధికారి నా ముందు ఒక రిపోర్టు పెట్టాడు. జెండాలు ఉన్నాయట. స్థానిక జాలరి నిర్లక్ష్యంగా నీళ్లలోకి దిగాడట.

"సంతకం చెయ్."

"జెండాలు తీసింది నేను సార్. మీ ఆర్డర్ మీద. లాగ్‌బుక్కులో టైముతో సహా రాశాను."

"ఆ పేజీ చించెయ్."

చించలేదు. నకలు తీసి, నా వాంగ్మూలం జతచేసి పై ఆఫీసుకి పంపాను. నాలుగుసార్లు పిలిచి అవే ప్రశ్నలు అడిగారు. అధికారికి బదిలీ అయింది. శిక్ష కాదు, బదిలీ. రిపోర్టులో 'నిర్లక్ష్యం' అన్న మాట కొట్టేశారు. నేను సాధించింది అంతే. అప్పన్నకి పెట్టుడు కాలు ఇచ్చారు. దానితో ఊగే పడవలో నిలబడలేడు.

సర్వీసు ముగించుకుని విజయనగరం వచ్చేశాను. అండమాన్ బీచ్‌లు బాగుంటాయట కదా అని చుట్టాలు అడుగుతారు. నాకు కళ్లముందు నిలిచేది ఒక్కటే. ఆ సాయంత్రం నేను ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి అప్పన్న భార్య నూకమ్మ అదే పాయలో మోకాలిలోతున నిలబడి, మగ్గుతో డోంగీలో రక్తం కడుగుతోంది. నేను కడుగుతానన్నాను. ఆమె తలెత్తలేదు.

"నాను కడుగుతాను బావూ. రేపు ఏటకి ఎల్లాల గదా. నువ్వు నీళ్లకేసి సూస్తుండు."

ఆమె మగ్గు ముంచుతూనే ఉంది. ఆమె కాళ్ల చుట్టూ నీళ్లు ఎర్రబడుతున్నాయి.