కాటమయ్య తాత వాల్వుల సెట్టు

మా తాత కాటమయ్య భువనగిరిలో నలభై ఏళ్లు మైక్‌సెట్ కిరాయికి ఇచ్చాడు. పెళ్లిళ్లు, బోనాలు, ఎలక్షన్లు, ఎవరి గొంతైనా ఊరంతా వినబడేలా చేయడమే ఆయన పని. ఆ చప్పుడంతా ముందు ఆయన చెవుల్లోంచే పోయేది కాబట్టి చెవులు అరిగిపోయాయి. ఈ మాట ఆయన ఒప్పుకోడు. ఇంట్లోవాళ్లమే మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నామంటాడు.

డీజేలొచ్చాక దుకాణం మూసేసి, మిగిలిన సామానుతో ఇంట్లో ఒక స్టీరియో కట్టుకున్నాడు. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్ పెట్టెలు, ఒక క్యాసెట్ డెక్కు. రోజూ సాయంత్రం పాత పాటలు పెట్టేవాడు. పెట్టిన ఐదు నిమిషాలకు మా అవ్వ అమృతమ్మ కణతలు ఒత్తుకుంటూ లేచి, ఎదురింటి బిక్షమ్మ అరుగు మీదికి వెళ్లిపోయేది.

"పాట మంచిగనే ఉంది. నీ సెట్టే నెత్తిల మేకులు కొడుతాంది" అనేది పోతూ పోతూ.

తాత కాసేపు ఒక్కడే విని ఆపేసేవాడు. వయసులో ఉన్నప్పుడు ఏ సాయంత్రమూ ఇంటిపట్టున లేడు. ఇప్పుడు ఇంట్లో ఉంటే ఆమె ఎదురింట్లో ఉంది.

"ట్రాన్సిస్టర్ గుణమే గంత, బిడ్డా. గుచ్చుతది" అన్నాడు ఒకరోజు నాతో. "వాల్వుల సెట్టు మెత్తగుంటది. గదైతే మీ అవ్వ కూసుంటది."

"జర సౌండ్ తగ్గిస్తే కూసోదా తాతా?"

"తగ్గించే ఇంటున్న గదా."

అప్పుడు మా కిటికీ అద్దాలు వణుకుతున్నాయి.

అటక మీద ఎవరో బాగుకిచ్చి మరిచిపోయిన వాల్వు రేడియోలు రెండున్నాయి. వాటిని విప్పి, ఒక్కోదాంట్లోంచి బల్బులాంటి ఒక పెద్ద గాజు వాల్వు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ తీశాడు. ఒకటి ఎడమ పెట్టెకు, ఒకటి కుడి పెట్టెకు. దుకాణం రోజుల్లో అయితే రెండు రోజుల పని. ఇప్పుడు రెండు నెలలు పట్టింది. ఒక తీగకు టాకా వేసి పడుకునేవాడు. ఒకసారి సోల్డరింగ్ ఐరన్ చేతిలో ఉండగానే కునుకు తీశాడు. లుంగీ కాలుతున్న వాసన పట్టి నేనే లేపాను.

శ్రావణంలో సెట్టు తయారైంది. స్విచ్ వేస్తే పాట వెంటనే రాదు. వాల్వులు ఎర్రబడాలి, వేడెక్కాలి, అప్పుడు వస్తుంది. లేచిపోవడం అలవాటైన అవ్వ ముందుగానే గుమ్మంలో నిలబడింది. పాట వచ్చింది. కాసేపు అట్లాగే నిలబడి, వచ్చి కూర్చుంది. తాత క్యాసెట్ తిప్పినప్పుడు కూడా లేవలేదు.

"సూసినవా, వాల్వంటే గదే" అన్నాడు తాత.

నిజానికి ఆ వాల్వులు ఎంత మొత్తుకున్నా మూడు నాలుగు వాట్లు మించి ఇవ్వలేవు. నాబ్ చివరికంటా తిప్పినా చప్పుడు గది దాటదు. ఈ సంగతి నేను తాతకు చెప్పలేదు. చెప్పినా వినబడదు.

దసరా వచ్చింది. ఆ రోజు అవ్వ ఇంట్లో ఉన్న ప్రతి యంత్రానికీ బొట్టు పెడుతుంది. కుట్టుమిషను, మిక్సీ, ఫ్రిజ్, తాత స్కూటరు, అన్నీ వరుసగా. పూజ కోసమని తాత పాట మాత్రం ఆపి, వాల్వులు వెలుగుతుండగానే స్కూటరు కడగడానికి వాకిట్లోకి వెళ్లాడు. అవ్వ సెట్టు ముందుకొచ్చి, మామిడాకుతో నీళ్లు చిలకరించింది. 'చిట్'మన్నది. కుడి వాల్వు మీద వెంట్రుకంత గీత. లోపల అద్దంలా మెరిసే పూత చూస్తుండగానే పాలలా తెల్లబడింది.

తాత వచ్చి చూశాడు.

"గాలి సొచ్చింది. పోయింది."

"దీపం లెక్క సల్లగ కనవడ్డది. గింత కాలుతదని నాకేమెరుక?" అన్నది అవ్వ.

తాత తిట్టలేదు. తిట్టడానికీ ఓపిక కావాలి. పోయి మంచం మీద వాలాడు.

ఫోన్లో వెతికి వాల్వు తెప్పించాను. పంపినవాడు వేరే రకం పంపాడు, దాని కాళ్లు సాకెట్లో సరిపడలేదు. హైదరాబాద్ పోయి వెతుకుదామంటే, "ఇగ తిరుగుడు నాతోని గాదు" అన్నాడు తాత. పది సాయంత్రాలు ఇంట్లో పాట లేదు. అవ్వ మళ్లీ బిక్షమ్మ అరుగెక్కింది.

పదకొండో రోజు తనే వచ్చింది. "పాతదే పెట్టు. నేను కూసుంట."

తాత పాత ట్రాన్సిస్టర్ సెట్టు పెట్టాడు. అవ్వ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. తాత పాట వినలేదు, ఆమె ముఖమే చూశాడు. మొదటి పాట సగంలో ఆపేశాడు.

"ఆపినవెందుకు? నేనేమన్ననా?"

"ఏమనలే. దవాఖానల సూది కోసం కూసున్నట్టు కూసున్నవు."

మర్నాడు రెండు పక్కల తీగలూ కలిపి ఎడమ వాల్వుకే ఇచ్చాడు. ఒక్క పూట పని, అలసి మూడుసార్లు ఆగాడు. కుడి పెట్టె మూగబోయింది. ఎడమ పెట్టెలోంచి వచ్చే పాట మునుపటికన్నా చిన్నది. అవ్వ కుర్చీని ఆ పెట్టె దగ్గరికి ఈడ్చుకుంది. తాతకైతే అసలే వినబడదు, ఆమె పక్కకే జరగాల్సి వచ్చింది.

"గిది గూడ పోతే?" అన్నది అవ్వ.

"పాతదే. పోతది ఎప్పుడో ఒకనాడు."

"పోయినంక?"

"పోయినంక సూద్దాం తీ."

క్యాసెట్ ఒక వైపు అయిపోయింది. తిప్పడానికి లేచే ఓపిక ఇద్దరిలో ఎవరికీ లేదు. నన్నూ పిలవలేదు. ఆ ఒక్క వాల్వును వెలగనిచ్చి, అట్లాగే కూర్చున్నారు.