ఇద్దరికీ ఒకే సైకిలు

పెనుకొండలో ఉలిగప్పను ఎరగనివాళ్ళు తక్కువ. హిందూపురం, ధర్మవరం మధ్య తిరిగే బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కిటికీలోంచి అదేపనిగా బయటికి చూసే ప్రయాణికుణ్ణి ఒక్కసారి చూస్తే చాలు, టికెట్టు తీసుకున్నాడో లేదో చెప్పేసేవాడు. ఉద్యోగం పోయినా ఆ చూపు పోలేదు. పాలవాడు చెంబు వంచే తీరునూ, కూరగాయల బండి మీద తక్కెడ ముల్లునూ అలాగే చూసేవాడు. "ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నా మింద గూడా కన్నేసినావా?" అనేది భార్య తిప్పమ్మ.

చక్కెర జబ్బు ఉంది, ఒళ్ళు వంచమని డాక్టరు చెబితే గేర్ల సైకిలు కొన్నాడు. కొండ మీదికి వెళ్ళే రోడ్డులో తొక్కుతుండగానే మరో ఇద్దరు జత కలిశారు. మారుతిది హిందూపురం, పట్టుగూళ్ళ మార్కెట్లో పని. పోతులయ్యది ధర్మవరం, పట్టుచీరలు నేస్తాడు. ముగ్గురికీ నడుమ ఊరు పెనుకొండే కాబట్టి ఆదివారాలు ఇక్కడ కలుసుకుని కొండెక్కేవారు. దిగాక ఉగ్గాని, బజ్జీలు తిని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

ఒక ఆదివారం పోతులయ్యే ఆ మాట తీశాడు. "వానలు తగ్గినాక కొడగుకు పోదామా? మైసూరు దాకా రైల్లో పోయి, ఆడ నుంచి సైకిళ్ళ మీద మడికేరి. మబ్బులు మనిషికి తగుల్తాయంట ఆడ."

ఉలిగప్పకు నచ్చింది. ఏర్పాట్లన్నీ తానే నెత్తికెత్తుకున్నాడు. మడికేరి దగ్గర ఒక ఇంట్లో గదులు అద్దెకిస్తారని తెలిసి ఫోటోలు తెప్పించుకున్నాడు. ఒక ఫోటోలో ఇంటి ముందర కాఫీ చెట్లున్నాయి, ఇంకో దాంట్లో లేవు. ఇవి రెండిళ్ళని ఆయన తేల్చేశాడు. ఒకటి ముందువైపు, ఒకటి పెరటివైపు అని ఇంటాయన కన్నడంలో ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఇంటాయనే ఫోను పట్టుకుని వీడియోలో ఇంటి చుట్టూ తిరిగి చూపించాల్సి వచ్చింది.

"ఇట్లయితే ఆయప్ప మనకు గది ఇచ్చేది అనుమానమే" అని మారుతి నవ్వాడు. పోతులయ్య నవ్వలేదు. ఉలిగప్ప అది గమనించాడు.

అప్పటి నుంచి పోతులయ్య మీద కన్నుంచాడు. ఇదివరకు ధర్మవరం నుంచి సైకిలు మీదే వచ్చే మనిషి, ఇప్పుడు సైకిలు ఉలిగప్ప ఇంట్లో పెట్టి రైల్లో వచ్చిపోతున్నాడు. అడిగితే హైవే మీద లారీలు ఎక్కువైనాయన్నాడు. అవి ఎప్పుడు తక్కువ? తొక్కేటప్పుడు అందరికంటే వెనకే ఉంటున్నాడు. ఒకరోజు రైల్వే స్టేషను ముందర పక్కనుంచి చెయ్యెత్తి ఊపితే, చూడనట్టే తల తిప్పకుండా పోయాడు. ఇంకోరోజు పక్క చేలోంచి ఎనుము రోడ్డెక్కితే దాని మీదికే పోబోయాడు. మారుతి కేకేస్తే ఆగి, "ఏదో ఆలోచనలో పడినా" అన్నాడు.

అన్నిటికంటే ఒక మాట ఉలిగప్పను నిద్రపోనివ్వలేదు. దారి గురించి మాట్లాడుకుంటున్నప్పుడు పోతులయ్య అడిగాడు: "దిగేటప్పుడు జీపు ఏమన్నా దొరుకుతాదా?"

కొండెక్కడానికి జీపు అడుగుతారు గానీ దిగడానికి అడిగేవాళ్ళను ఉలిగప్ప ఎక్కడా చూడలేదు. పైగా తాను చేతులు కడుక్కోవడానికి లేచి, తిరిగి వచ్చేసరికి వాళ్ళిద్దరూ మాట ఆపేశారు.

"వాళ్ళు ఇంకెవరితోనో పోయేదానికి చూస్తాండారు" అన్నాడు ఇంటికి వచ్చి. "నన్ను కొండమీద వదిలేసి, జీపెక్కి దిగిపోతారు."

"నీ సైకిలు నీకాడుంటాది గదా. వాళ్ళు వదిలేస్తే మాత్రం ఏమైతాది?" అంది తిప్పమ్మ.

ఆ వారంలోనే మారుతికి ఫోను చేశాడు. "బుధవారం హిందూపురం వస్తాండా. కలుద్దామా?"

"బుధవారమా? వద్దులే అప్పా. మార్కెట్లో గూళ్ళు బాగా వస్తాండాయి. తలెత్తే పని ఉండదు."

ఆ 'వద్దులే'లో తొందర కనిపించింది ఉలిగప్పకు. బుధవారం బస్సెక్కి తిన్నగా పట్టుగూళ్ళ మార్కెట్టుకు వెళ్ళాడు. మారుతి లేడు. పక్కనున్నతను చెప్పాడు: "స్టేషనుకు పోయినాడు. ధర్మవరం నుంచి ఎవరో వస్తాండారంట."

ఉలిగప్ప స్టేషను చేరేసరికి ఇద్దరూ బయటికి వస్తున్నారు. మారుతి పోతులయ్య మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. వీళ్ళ స్నేహం ఇంత దూరం వచ్చిందా అని ఒళ్ళు మండింది. వాళ్ళెక్కిన ఆటో వెనకే తానూ ఒక ఆటోలో పోయాడు. అది కంటి ఆసుపత్రి ముందు ఆగింది. అప్పటికీ ఆయన అనుమానం తీరలేదు. పై అంతస్తులో ట్రావెల్స్ ఆఫీసు ఏదైనా ఉందేమోనని రోడ్డవతల నిలబడి బోర్డులన్నీ చదివాడు. పైన ఒక కుట్టుమిషన్ల దుకాణం తప్ప ఏమీ లేదు.

చాలాసేపటికి మారుతి ఒక్కడే బయటికి వచ్చి మందుల షాపు వైపు నడిచాడు. ఉలిగప్ప లోపలికి దూరాడు.

పోతులయ్య బల్ల మీద గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కళ్ళలో వేసిన మందు చెంప మీదికి కారింది. పక్క చోటు ఖాళీగా ఉంది. ఉలిగప్ప వెళ్ళి అక్కడ కూర్చున్నాడు.

"చుక్కల మందు దొరికిందా?" అన్నాడు పోతులయ్య కళ్ళు తెరవకుండా.

ఉలిగప్ప నోట "ఊఁ" అని వచ్చేసింది.

"పోయిన చూపు ఇంక రాదంటప్పా. ఉన్నదాన్నన్నా కాపాడుకోమన్నాడు డాక్టరు. మగ్గం కాడ ఇబ్బంది లేదు, ఎదురుగా ఉండేది కనపడతాది. దావలోనే కష్టం. రెండు పక్కలా మొబ్బే, ఏమీ కనపడదు." చెంప తుడుచుకున్నాడు. "ఉలిగప్పకు మాత్రం చెప్పొద్దు. తెలిస్తే ఆయప్ప నన్ను రానీయడు. లేదంటే, ఇన్నాళ్ళూ ఎట్ల దాచినావని గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఈ చూపు ఉండంగానే ఒక్కసారి ఆ కొండలు చూసి రావాలని ఉండాది."

ఉలిగప్ప లేచాడు. చెప్పుల చప్పుడు కాకుండా బయటపడి, మారుతి ఎదురుపడకుండా సందులోంచి బస్టాండుకు నడిచాడు.

ఇంటికి వచ్చి తిప్పమ్మతో చెప్పాడు. తానన్నట్టే వాళ్ళు ఏదో దాచారు, నిజమే. అయినా గెలిచినట్టు లేదు ఆయనకు. "దిగే మలుపుల్లో పక్కన లారీ వస్తే ఆయప్పకు కనపడదు. లోయలో పడితే ఎవరు జవాబు చెప్పేది?" అన్నాడు.

"అయితే రావద్దని చెప్పేయి."

"ఎట్ల చెప్పేది? నాకు తెలిసినట్టు వాళ్ళకు తెలీదు గదా."

"వెంటబడి పోయినా అని చెప్పు."

అది మాత్రం చెప్పలేకపోయాడు. రెండు రోజులు ఫోను చేతిలో పెట్టుకుని ఏవేవో వీడియోలు చూశాడు. ఒకదాంట్లో పొడుగాటి సైకిలు కనిపించింది. రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు, ముందు కూర్చున్నవాడి చేతిలోనే హ్యాండిలూ బ్రేకులూ. వెనక కూర్చున్న మనిషికి చూపు లేదట. బెంగళూరులో అలాంటివి అద్దెకిస్తారని కనుక్కున్నాడు.

ఆదివారం ఉగ్గాని తింటూ మాట కదిపాడు. "నాకు మోకాళ్ళు నొప్పిగా ఉండాయి. ఒక్కన్నే మడికేరి ఎక్కలేను. రెండు సీట్ల సైకిలు దొరుకుతాదంట. పోతులయ్యా, నువ్వు మగ్గం తొక్కినోడివి, కాళ్ళు గట్టివి. వెనక కూచుంటే ఇద్దరం కలిసి తొక్కుదాం."

మారుతి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. పోతులయ్య తల పూర్తిగా తిప్పి ఉలిగప్ప వైపు చూశాడు.

"మోకాళ్ళ నొప్పి ఎప్పటి నుంచప్పా? ఇంతకుముందే మాకంటే ముందు కొండెక్కినావు."

"రాత్రి పూట వస్తాది."

"పగలు తొక్కే సైకిలుకు రాత్రి నొప్పి ఏంటికి అడ్డమొస్తాది?"

ఇన్నేళ్ళూ ఇలాంటి ప్రశ్నలు ఇతరులను అడిగిన ఉలిగప్ప గ్లాసు అందుకున్నాడు. నీళ్ళు తాగాడు.

"మారుతి పక్కన కూచుంటే పట్టుగూళ్ళ వాసన వస్తాది" అన్నాడు పోతులయ్య మెల్లగా. "స్నానం చేసినా పోదు. ఆ పొద్దు ఆసుపత్రిలో నా పక్కన కూచున్నాయప్ప కాడ ఆ వాసన లేదు. మారుతి మందు తెచ్చి పక్కన కూచున్నాక గానీ నాకు తెలిసిరాలేదు. అంతకుముందు నా మాటలు విన్నది ఎవరా అని అప్పటి నుంచి ఆలోచిస్తాండా. నువ్వేనా?"

"నేనే" అన్నాడు ఉలిగప్ప.

"దొంగ వెంట పడినట్టు నా వెంట పడినావా?" అన్నాడు పోతులయ్య కోపంగా. "అడిగింటే చెప్పకపోతానా?"

"చెప్పింటావా?"

పోతులయ్య ఆకు మీద మిగిలిన బజ్జీ వైపు చూశాడు. "చెప్పిండను" అని ఒప్పుకున్నాడు. అయినా కోపం తగ్గలేదు. బజ్జీ వదిలేసి, సైకిలు ముట్టకుండా నడిచే స్టేషనుకు వెళ్ళిపోయాడు.

రెండు ఆదివారాలు రాలేదు. ఫోను ఎత్తలేదు. ఉలిగప్ప ఈలోపు మారుతిని బతిమాలి, పట్టుగూళ్ళు తెచ్చే వ్యానులో ఆ పొడుగాటి సైకిలును బెంగళూరు నుంచి హిందూపురానికి, అక్కడి నుంచి పెనుకొండకు తెప్పించాడు. మూడో ఆదివారం దాన్ని తోసుకుంటూ పెనుకొండ స్టేషనుకు పోయి, ధర్మవరం బండి వచ్చేవేళకు బయట నిలబడ్డాడు. వస్తాడన్న నమ్మకం ఆయనకేమీ లేదు.

పోతులయ్య దిగాడు. ఎదురుగా నిలబెట్టిన సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. గొలుసు తడిమాడు, వెనక సీటు ఊపి చూశాడు.

"నాకు బ్రేకు యాడ?"

"నీకు లేదు. రెండూ నాకాడే."

"అయితే నిన్ను నమ్మాలంటావు."

"నమ్మొద్దు. నేను ఎట్ల తోలుతానో ముందు చూడు" అన్నాడు ఉలిగప్ప.

మొదటిరోజు స్టేషను ముందరే రెండుసార్లు పడ్డారు. ఆటోవాళ్ళు నవ్వారు. నెల తిరిగేసరికి పెనుకొండ కొండ ఎక్కి దిగడం వచ్చింది. మలుపు వచ్చేముందు ఉలిగప్ప కేకేసేవాడు. పోతులయ్య ఒళ్ళు అటు వాల్చేవాడు.

వానలు తగ్గాక ముగ్గురూ కొడగు పోయారు. ఫోటోల ఇంటాయన ఉలిగప్ప గొంతు గుర్తుపట్టి, ముందుగా ముగ్గురి ఆధారు కార్డులూ అడిగి, ఫోటోలోని మొహాలతో పోల్చి పోల్చి చూశాడు. ఉలిగప్పకు అది మర్యాదగా తోచలేదు.

మరునాడు మంచులో ఒక ఎత్తు ఎక్కుతుంటే ఉలిగప్పకు ఆయాసం వచ్చింది. సైకిలు బరువుగా కదులుతోంది. "పోతులయ్యా, నువ్వు తొక్కుతాండావా, ఊరికే కూచున్నావా?" అని అరిచాడు.

పోతులయ్య కాళ్ళు రెండూ పెడళ్ళ మీది నుంచి తీసేశాడు. సైకిలు నాలుగు అడుగులు కూడా పోకుండా ఆగింది. ఉలిగప్ప కాలు కిందపెట్టి నిలదొక్కుకున్నాడు.

"ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది. తొక్కు."

"ఉండప్పా. ఈడ ఏమేమి ఉండాయో చెప్పు."

ఉలిగప్ప ఊపిరి తీసుకుని చుట్టూ చూశాడు. ఎడమపక్క లోయ, అందులో పొగమంచు నిండి ఉందని చెప్పాడు. కుడిపక్క కాఫీ తోట, కాయలు ఇంకా పచ్చివేనన్నాడు. పోతులయ్య తల ఎడమకు పూర్తిగా తిప్పి లోయ చూశాడు, తర్వాత కుడికి తిప్పి తోట చూశాడు. ఆయన రెండు పక్కలా చూడటం అయ్యేదాకా ఉలిగప్ప సైకిలు కదపలేదు. చాలా కిందనుంచి మారుతి, తనకోసం ఆగమని కేకలేస్తూ ఎక్కి వస్తున్నాడు.