కొత్తల్లుడికి తెలియని కవలలు

ఆసుపత్రి కింది అంతస్తులో సూక్ష్మజీవుల పరీక్షలు చేసే పెద్దక్క, ఆ యంత్రానికి కొత్తల్లుడని పేరు పెట్టింది. పెట్టదా మరి? ముప్పయ్యేళ్లు ఆవిడ చెమటలు కక్కిన గదికి, అది వచ్చాకే ఏసీ వచ్చింది. పెరిగిన క్రిమిని పుల్లతో తీసి స్టీలు పలక మీద పూస్తే చాలు, లేజరుతో కొట్టి, ప్రోటీన్ల బరువులు చూసి పేరు చెప్పేస్తుంది. ఆవిడకు రెండు రోజులు పట్టే పని దానికి పది నిమిషాలు. కుళ్లుకుందా అంటే, కొంచెం కుళ్లుకుంది. అబద్ధమెందుకు?

ఆ ఉదయం ఒక పసిపాప రక్తంలో పెరిగింది నోట్లో ఉండే మామూలు క్రిమేనని యంత్రం తేల్చేసింది. పై వార్డు నుంచి కుర్ర డాక్టరు ఫోన్ చేశాడు.

"రక్తం తీసేటప్పుడు కలిసుంటుందమ్మా. జ్వరం కూడా తగ్గింది. సాయంత్రం ఇంటికి పంపించేస్తాను."

"ఒక్క గంట ఆగు బాబూ. దీనికో కవల ఉంది. రెండింటి బరువులూ దాదాపు ఒకటే, మెషిన్ అక్కడే తికమకపడుతుంది. ఆ రెండోది న్యుమోనియా తెస్తుంది, మెదడుకీ ఎక్కుతుంది."

పిత్త లవణం చుక్క వేస్తే న్యుమోనియా క్రిమి కరిగిపోతుంది, నోట్లో ఉండేది కరగదు. పాత పరీక్షలు దండగని పైవాళ్లు ఆ మందు తెప్పించడం మానేశారు. పెద్దక్క ఫ్రిజ్ మూల దాచిన సీసా అడుగున నాలుగు చుక్కలున్నాయి. మందు ఇంకా పనిచేస్తోందో లేదోనని ఒక చుక్క తెలిసిన న్యుమోనియా క్రిమి మీద వేసింది, ఇంకొకటి పాప క్రిమి మీద.

అరగంట ఆగాలి. నా కుళ్లు కొద్దీ పసిదాన్ని ఆసుపత్రిలో కట్టిపడేస్తున్నానా అని భయపడింది. కొత్తల్లుడే గెలవాలని మొదటిసారి మనసారా కోరుకుంది.

తెలిసిన క్రిమి కరిగింది. పాపదీ కరిగింది.

"పంపకు బాబూ," అంది ఫోన్లో.

మధ్యాహ్నం పాప తల్లి దిగి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"బ్యాగు కూడా సర్దుకున్నాం. మీరేనా ఆపించింది?"

"నేనే తల్లీ."

పెద్దక్క కుర్చీ లాగి కూర్చోబెట్టి, పాప క్రిమిని పెంచిన మూత గిన్నెను దీపం కింద పెట్టింది. ఎర్రటి పొర నిండా ఆవగింజల కన్నా చిన్న క్రిమి మచ్చలు. మందు చుక్క వేసినచోట మాత్రం ఏమీ లేదు. "మందుకు కరిగిందంటే ఇది మెదడుకెక్కే రకం తల్లీ," అంది పెద్దక్క. పాప తల్లి గిన్నె మీదికి వంగింది.

"ఇది మాతోపాటు ఇంటికొచ్చేదా?"

"వచ్చేది."