నువ్వెళిపో, నానుంటాను

నాకు మనుషుల మీదే నమ్మకం తక్కువ, ఇంక దెయ్యాల మీదేం ఉంటుంది? ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, చెప్పేవాళ్ళకి ఇందులో ఏం లాభమా అని చూసే రకాన్ని. నేను చెప్పేది కూడా మీరు అలాగే చదవండి.

మా చెల్లెలు పైడమ్మకు నిమోనియా ముదిరి యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, ఒక ఆస్పత్రి ఐసీయూలో చేర్చాం. గొంతులో గొట్టం, ఒంట్లో మత్తుమందు. అమ్మానాన్న ఎప్పుడో పోయారు. మా పుట్టింట్లో మిగిలింది మేమిద్దరమే. అది కూడా పోతే నన్ను అక్కా అని పిలిచే మనిషే ఉండదు. నేనుండేది నదికి అవతల, దలాలో. రోజూ ఫెర్రీ ఎక్కి వెళ్ళి చూసొచ్చేదాన్ని.

ఆ వార్డులో ప్రతి మంచం దగ్గరా ఒక డైరీ పెడతారు. మత్తులో ఉన్నవాళ్ళకు ఆ రోజులేవీ గుర్తుండవు, పీడకలలే నిజమనుకుంటారు. అందుకని ఏ రోజు ఏం జరిగిందో నర్సులూ ఇంటివాళ్ళూ రాసిపెడతారు. లేచాక చదువుకుంటే మనసు కుదుటపడుతుందట. సూ అనే నర్సు ఇది చెప్పినప్పుడు, రేపేదైనా తేడా వస్తే ఆస్పత్రివాళ్ళు తప్పించుకోవడానికి కాబోలు అనుకున్నాను.

అయినా రాశాను, బర్మా భాషలోనే. ఇవాళ నీ జడ అల్లాను, నీ పిల్లి నా మంచం వదలడం లేదు, ఇలాంటివే.

ఒక రోజు గాలివానకు ఫెర్రీలు ఆపేశారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రేవు దగ్గర టీకొట్టులోనే ఉన్నాను. పడవవాళ్ళతో గొడవ కూడా పడ్డాను. చూసినవాళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

మర్నాడు డైరీ తెరిస్తే సూ చేతిరాత. మధ్యాహ్నం అక్క వచ్చింది, చెయ్యి పట్టుకుని కూర్చుంది, వాళ్ళ భాషలో ఒకటే మాట పదేపదే అంది, అని ఉంది. ప్రార్థన అనుకుందేమో, చెవిన పడ్డట్టే ఆ మాటను బర్మా అక్షరాల్లో రాసింది. కూడబలుక్కుని చదివాను.

“నువ్వెళిపో. నానుంటాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. బజారుకెళ్తూ కూడా వెళ్ళొస్తాననే అంటాం మనం. చావుబతుకుల్లో ఉన్న మనిషితో వెళిపో అంటారా? అక్కడికొచ్చి తెలుగు మాట్లాడే ఆడమనిషి ఇంకెవరని, నా అనుమానం నేరుగా చెల్లి ఆడపడుచు మీదికే పోయింది. యాంగోన్‌లోనే లత అనే పేటలో ఉన్న వాళ్ళ బట్టల కొట్టుకు వెళ్ళి నిలదీశాను.

“ఆ వానలో నేను కొట్టే దాటలేదు వదినా. అయినా మా ఇంట్లో నాను అని ఎవరంటారు?” అంది.

వాళ్ళు వ్యాపారస్తులు, ‘నేను’ అంటారు. ‘నాను’ అనేది తాతల నాడు ఇక్కడికొచ్చి ఓడల దగ్గర మూటలు మోసిన మావాళ్ళే.

సూని అడిగితే, మీరే కదా అంది. తడిసి వచ్చానని తువ్వాలు కూడా ఇచ్చిందట. మనిషిని చూసి పొరబడిందనుకున్నా, మా యాస ఆ పిల్లకెక్కడిది? అంతకుముందు నా నోట వినుంటుందా అని తెగ ఆలోచించాను. ఆ మాట నేనెప్పుడూ అనలేదు.

ఆ రోజు నుంచే చెల్లి తేరుకోసాగింది. ఇంటికొచ్చాక ఇద్దరం డైరీ చదువుతుంటే, ఆ పేజీ దగ్గర నవ్వింది.

“ఇది నాకు గేపకం ఉందక్కా. ఇరుకు గదిలో నన్ను కూకోబెట్టీసినారు. లెగనివ్వరు. నువ్వొచ్చి నా సోట్లో కూకున్నావు. నువ్వెళిపో, నానుంటాను అన్నావు. అందుకే వచ్చీసినాను.”

వెళిపో అంటే ఇంటికని నాకప్పటిదాకా తట్టనే లేదు. దాన్ని పట్టుకుని ఏడ్చాను. అక్కడితో ఊరుకోవాల్సింది.

“ఆ రోజు నాను రానేదే పైడీ. రేవే దాటనేదు.”

అది డైరీ మూసేసింది.

“మరయితే నా సోట్లో ఎవులుండిపోనారక్కా?”

సూ, చెల్లి ఇద్దరూ నన్నే చూశామంటున్నారు. లేనంటున్నది నేనొక్కదాన్నే. ఇప్పుడు చెల్లిని చెకప్పుకు వాళ్ళాయనే తీసుకెళ్తాడు, నేను ఆ ఆస్పత్రి గేటు దాటను. లోపల ఏ కుర్చీలోనో నేనే కూర్చుని కనిపిస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదు.