ఓడలోంచి వచ్చిన మసిగుడ్డ

మా చిన్నాయనకు ఓడ ఉందంటే నంద్యాలలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఆళ్లగడ్డ మనిషి, బేతంచెర్ల నాపరాళ్లు తోలే లారీల ఓనరు, ఓడ కొనడమేమిటి! నేనప్పుడు నంద్యాలలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేదాన్ని. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు "మేడమ్, మీ చిన్నాయన ఓడ కుందూ ఏట్లో తిరుగుతాందా?" అని పళ్లికిలించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అడిగినవాళ్లచేత ఆ రోజు రెండు పేజీలు ఎక్కువ కొట్టించేదాన్ని.

ఓడ నిజంగానే ఉండేది. తొంభైల్లో కాకినాడ స్నేహితుడొకాయన మాటలు నమ్మి సగం వాటా కొన్నాడు. బియ్యం, సిమెంటు మోసే పాత చిన్న ఓడ. కొన్నేళ్లకు ఆ స్నేహితుడు మెల్లగా తప్పుకున్నాడు, ఓడ మొత్తం మా చిన్నాయన మెడకు చుట్టుకుంది. ఆయన మాత్రం దిగులుపడింది లేదు. "ఓడంటే ఏందనుకున్యావు పాపా? నీళ్లల్లో పోయే లారీ, అంతే" అనేవాడు.

ఆ లెక్కతోనే కొంప ముంచుకున్నాడు.

రెండు వేల సంవత్సరం దాటాక ఓడ ఇక పనికిరాదని తేలింది. తుక్కుకు అమ్మేద్దామనుకున్నాడు. గుజరాత్ తీరంలో ఓడలు విరిచే యార్డువాళ్లు కొంటామన్నారు కానీ, కొత్త రూల్స్ ప్రకారం ఓడలో ప్రమాదకరమైన సరుకు ఏముందో, ఎక్కడుందో జాబితా ఇవ్వాలన్నారు. నూనెలు, బ్యాటరీలు, రంగులు, ఆస్బెస్టాస్ అనే రాతినార, అన్నీ. చిన్నాయన ఆ కాగితాలు పట్టుకుని నా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి బల్ల మీద విసిరేశాడు.

"సచ్చినదాన్ని కాటికి మోస్తాంటే, దాని కడుపులో ఏముందో రాసియ్యమంటారేందప్పా! ఇదేం రూలు?"

"అరిస్తే రూలు మారదు చిన్నాయనా. కూర్చో, టీ తాగు" అన్నాను.

కాకినాడలో ఒక సర్వేయరును పెట్టి ఓడంతా వెతికించాడు. ఆయన రాసింది నేనే టైపు చేశాను. అందులో ఒక వరుస నాకు ఇప్పటికీ గుర్తుంది: ఇంజన్ స్టోర్ గదిలో రాతినార గుడ్డ, రెండు గజాల ముక్క. వేడి గొట్టాలకు చుట్టే గుడ్డ అది. ఇంజన్ గదిలో గొట్టాల చుట్టూ ఉన్నదీ అదే.

ఇక మావాళ్ల ఆనవాయితీ ఒకటి చెప్పాలి. లారీని తుక్కుకు తోలే ముందు దాంట్లో పనికొచ్చేవన్నీ పీకి చుట్టాలకు పంచుతారు. సీటు ఒకరింటి అరుగు మీదికి, అద్దం ఒకరింటి గోడకు, టార్పాలిన్ ఒకరి కల్లానికి. అన్నం పెట్టిన బండి ఊరికే పోకూడదంటారు. సర్వేయరు వెళ్లిపోయిన వారానికి చిన్నాయన కాకినాడ వెళ్లి ఓడకూ అదే మర్యాద చేశాడు. గోడ గడియారం, ఇత్తడి లాంతరు, తాళ్లు మూటగట్టాడు. స్టోర్ గదిలో తెల్లటి దళసరి గుడ్డ కనబడింది. అగ్గిపుల్ల గీసి చూస్తే కాలలేదు. ఇంకేముంది, ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కత్తెర తీసుకుని స్వయంగా ఏడు ముక్కలు కత్తిరించి ఆడవాళ్లందరికీ మసిగుడ్డలుగా పంచాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. జాబితా టైపు చేసిన మహాతల్లిని నేనే అయినా, ఆ గుడ్డతోనే నెలరోజులు కుక్కరు దించాను. నా తెలివి అట్లా ఏడ్చింది!

యార్డువాళ్ల మనిషి కాకినాడకు వచ్చి జాబితా పట్టుకుని సరిచూశాడు. గుడ్డ లేదు. ఫోనులో చిన్నాయన నిజం చెప్పేసరికి ఆయన బిత్తరపోయాడంట. ఆ గుడ్డ నూగు ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ రాదనీ, ఎన్నో ఏళ్ల తర్వాత ప్రాణం తీస్తుందనీ, ముక్కలన్నీ తడిపి ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి తేవాలనీ, పది రోజుల్లో లెక్క కుదరకపోతే తాము ఓడ కొనేది లేదనీ చెప్పాడు.

అదే సమయంలో ఇంకో బ్రోకరు తగిలాడు. జాబితా అక్కర్లేదు, ఓడ ఎట్లా ఉంటే అట్లా, యార్డు కంటే ఎక్కువకే తీసుకుంటాను, ఏమీ అడగని తీరానికి తోలిస్తాను అన్నాడు. చిన్నాయన మనసు అటే లాగింది. లాగదా మరి!

అయినా మసిగుడ్డలు మాత్రం వెనక్కి తెద్దామని నేను పట్టుబట్టాను. ఇద్దరం జీపులో బయలుదేరాం. నాదీ, ఆళ్లగడ్డలో నాలుగూ దొరికాయి. రుద్రవరంలో చిన్నాయన అత్తగారు దానికి ఎర్రదారంతో అంచు కూడా కుట్టుకుంది. "అల్లుడు ఇచ్చిందాన్ని ఎనక్కి అడుగుతారా యాడన్నా? సిగ్గుండల్ల!" అని మా ముందరే చెడామడా తిట్టాకే ఇచ్చింది. చిన్నాయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నాను.

దారి పొడవునా బ్రోకరు ఫోన్లు. "సాయంత్రం చెప్తాలే అన్నా" అంటూనే ఉన్నాడు చిన్నాయన.

ఏడోది ఆళ్లగడ్డలోనే, మా అవ్వ దగ్గర. చిన్నాయన కన్నతల్లి. అందుకే, చెప్పడానికి మొహం చెల్లక, ఆమెను చివరికి పెట్టుకున్నాం. పొయ్యి ముందు కూర్చుని ఆ గుడ్డతోనే సంగటి కుండ దించుతోంది. విషయం చెప్పాను. ఆమె గుడ్డను ఇటూ అటూ తిప్పి చూసింది.

"నాకేం లేమ్మా, ఎనబై దాటినాయి. ఏమిరా, నీ ఓడలో ఇది ఇంకా ఉండాదా?"

"ఇంజన్ గదంతా ఇదేనమ్మా."

"మరి దాన్ని పీకేటోళ్లు? వాళ్లెవురి బిడ్డలు?"

అంతలో మళ్లీ ఫోను మోగింది. బ్రోకరే. చిన్నాయన వాకిట్లోకి పోకుండా అవ్వ ముందరే ఎత్తాడు.

"అన్నా, ఒక మాట చెప్పు. నువ్వు తోలే కాడ, ఓడ ఇప్పేటోళ్లకు ఈ గుడ్డ సంగతి చెప్పేటోడు ఉండాడా?" కాసేపు విన్నాడు. "అట్లనా. అయితే వద్దులే అన్నా. నాకు దుడ్లు తక్కువొస్తే రానీ." ఫోను పెట్టేశాడు.

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మొండిమనిషిని చూసి అంత గర్వపడింది అప్పుడే.

తానే బకెట్లో నీళ్లు తెచ్చి గుడ్డ తడిపి సంచిలో చుట్టాడు. మర్నాడు నంద్యాలలో నా మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. యార్డుకు పంపాల్సిన ఉత్తరంలో నేను పెద్ద తెలివిగా, గుడ్డ పొరపాటున స్థలం మారిందనీ, ఇప్పుడు దొరికిందనీ కొట్టి చదివి వినిపించాను. తన పొరపాటును జన్మలో ఒప్పుకున్న మనిషి కాదు కదా, ఇట్లా రాస్తే మెచ్చుకుంటాడనుకున్నాను.

"అట్ల రాయద్దు పాపా" అన్నాడు. "ఓనరే కత్తిరించి, కన్నతల్లికి ఇచ్చినాడని రాయి."

కాగితం తీసేసి కొత్తది ఎక్కించాను. ఊళ్లో అందరికీ టైపు నేర్పిన దాన్ని, ఆ ఒక్క వరుసలో మూడు తప్పులు కొట్టాను.