తట్ట ఎత్తమన్న మనిషి

నౌపడ రైల్వే స్టేషన్లో ఆ రోజు ఒకే మెసేజ్‌ని రాస్తూ, చెరుపుతూ కూర్చున్నాను. కష్టపడి యాభై కిలోలు తగ్గాను గానీ, పొట్ట మీద వేలాడే చర్మం ఒరుసుకుని పుళ్లు పడుతోంది. దాన్ని తీసే ఆపరేషన్‌కు డబ్బు సాయం అడగాలి, అదీ స్నేహితుల్ని!

పక్కన చేపల తట్ట దించుకుని కూర్చున్న ఆమె లేచి, "నాయినా, ఓ సెయ్యెయ్యి" అంది. ఇద్దరం కలిసి తట్టను ఆమె తల మీదికెత్తాం.

"రోజూ ఇలా ఎవరో ఒకర్ని అడగాలా?" అన్నాను.

"అడగడానికి సిగ్గేటి? ఊరంతా మోసీది నానే కదా. ఎత్తడానికే ఇంకో మనిసుండాల" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

మెసేజ్ మళ్లీ మొదలుపెట్టాను. "ఒరే, యాభై కిలోలు నేనే దించుకున్నాను. ఈ ఆపరేషన్‌కి మాత్రం మీరంతా ఓ చెయ్యి వెయ్యాలి."

ఈసారి చెరపలేదు.