పంపులో పోసిన నీళ్లు

ఎనభైల మొదట్లో నేను నర్సీపట్నం సమితి ఆఫీసులో గ్రామసేవికని. పల్లెల్లో గవర్నమెంటు గ్రాంటుతో వేసిన బోరింగుల్ని ఇంజనీరు గారు స్వయంగా చూసి, నీళ్లొస్తున్నాయని సంతకం పెడితేనే కాంట్రాక్టరుకి మిగతా సొమ్ము అందేది. ఊళ్లో ఆడవాళ్లని కూడా అడగాలని నన్నూ జీపెక్కించేవారు. ఆ జీపు మమ్మల్ని మోసినదానికంటే మేం దాన్ని తోసిందే ఎక్కువ. అయినా కొయ్యూరు వైపు ఎక్కుతుంటే మొహానికి అడవిగాలి తగిలేది చూడండి, ఇప్పటికీ ఆ గాలి కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

రెండుసార్లు పంపు కొట్టి చూసి, కోడికూర తిని సంతకం గీకేసే రకం కాదు మా ఇంజనీరు గారు. ఊళ్లో దిగగానే పంపు దగ్గరికెళ్లి "కాళ్లకి కాసిన్ని నీళ్లిప్పించండమ్మా" అనేవారు. వచ్చినవాళ్లకి కాళ్లు కడుక్కోడానికి నీళ్లివ్వడం మర్యాద, కాదనేదెవరు? ఆయన తరవాత నేను, ఆపైన డ్రైవరు, అటెండరు. చివరికి జీపు టైర్లు కూడా కడిగించేవారు. అప్పటికీ ధార సన్నబడకపోతేనే కలం తీసేవారు.

ఒక వేసవిలో కొయ్యూరు అవతల కొండమీది ఊరికి వెళ్లాం. కింద పారే గెడ్డ తప్ప ఆ ఊరికి వేరే నీళ్లు లేవు. కొత్త బోరింగుకి పసుపు రాసి, పూలదండ వేసి ఉంచారు. పక్కనే నెలలు నిండిన ఒకామె చీరంతా తడిసి, ఆయాసపడుతూ నిలబడి ఉంది. ఇంజనీరు గారి కాళ్లు తడిశాయి, నావీ తడిశాయి. డ్రైవరు కాలు చాపేసరికి పంపు కీచుమని గాలి కక్కింది.

చీర తడిసి నిలబడ్డ ఆమే ముందుకొచ్చి చెప్పింది.

"నీళ్లు పడనేదని తెలిస్తే పంపు వేరే ఊరికి అట్టుకుపోతారని కంట్రాటరు మనిసి సెప్పినాడు బాబూ. అందుకే పొద్దున్నుంచీ మేమే మోసుకొచ్చి ఇందులో పోసినాం."

"నీళ్లు రాని పంపు మీకెందుకమ్మా?" అన్నారు ఇంజనీరు గారు.

"రేపొస్తాదేమో బాబూ."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాంట్రాక్టరు మనిషి ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో. ఇంకో బోరు వేసి నీళ్లు చూపిస్తేనే సంతకం అన్నారు ఇంజనీరు గారు. ఊరి ఆడవాళ్లు మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశారు. తాగడానికి నీళ్లడిగితే ఆమె తన ఇంట్లో బోర్లించిన కుండలు చూపించింది. ఏ ఇంట చూసినా అదే. వంటకి దాచుకున్న నీళ్లు కూడా పంపులో పోసేశారు. మేం కాళ్లు కడుక్కున్నది వాటితోనే. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంజనీరు గారు కుండలన్నీ జీపులోకి ఎక్కించారు. మధ్యాహ్నం దాకా గెడ్డకీ ఊరికీ తిరిగాం. ఆమెని ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను వెనక కుండల మధ్య ఇరుక్కుని, ప్రతి గతుక్కీ నీళ్లు మీద పడుతుంటే డ్రైవర్ని తిట్టిపోశాను. దారి పొడుగునా ఆమెది ఒకటే మాట: "పంపు అట్టుకుపోకండి బాబూ."

రెండో బోరు వేసేదాకా ఇంజనీరు గారు ఆ కాంట్రాక్టరుని నిద్రపోనివ్వలేదు. మేం మళ్లీ తనిఖీకి బయల్దేరకముందే, ఒక సంతరోజు ఆమె పసిబిడ్డని చంకనేసుకుని ఆఫీసుకొచ్చింది. ఇంజనీరు గారు క్యాంపుకి వెళ్లారు.

"ఏటమ్మా, ఇంత దూరం వచ్చావు?" అన్నాను.

"బాబుకి సెప్పండమ్మా," అంది. "ఈపాలి మేమెవరం పొయ్యనేదు. నీళ్లు వాటికవే వొచ్చినాయి."